ఎల్లాజీ పడవకి కొత్త వైరింగ్

మనుషులు మానేసి, పడవలే సొంతంగా వేటకెళ్లి రావడం మొదలై రెండేళ్లయింది. పూడిమడక రేవులో మనిషి నడిపేది ఎల్లాజీ చిన్న పడవ ఒక్కటే మిగిలింది. సర్కారు పెట్టిన గడువు ముగియడంతో దానికీ తనంతట తనే నడిపే యంత్రం పెట్టక తప్పలేదు. వైరింగ్ మాత్రం పరాయివాళ్లను ముట్టనివ్వలేదు. బ్యాటరీ నుంచి ఫ్యూజుకీ, ఫ్యూజు నుంచి మోటారుకీ తీగలు తనే లాగాడు.

పెళ్లై పదిహేను రోజులైన సత్యవేణికి మాత్రం పండగ్గా ఉంది. ఇక మొగుడు రోజూ కళ్లెదుటే. ఎర్రతీగ అందిస్తూ, నల్లతీగ అందిస్తూ, కావాలని అతని వేళ్లు తాకి నవ్వింది.

తెల్లారాక పడవను మోకాలి లోతు నీళ్లలోకి తోశారు. సత్యవేణి ఫోన్‌లో మీట నొక్కింది. మోటారు తిరగలేదు.

"కొత్త పెళ్లాం పక్కనుంటే ప్లస్సూ మైనస్సూ ఏటి తెలుస్తాయిరా!" ఒడ్డు మీంచి దానయ్య మావ ఎగతాళి చేశాడు.

ఎల్లాజీ ఫ్యూజు తీసి చూసి పెట్టాడు. ఆమె మళ్లీ నొక్కింది. కదల్లేదు.

"అంతా సరిగానే ఉందే వేణీ. ఏటో, దీనికే ఎల్లాలని లేదు," అన్నాడు ఆశగా.

అప్పుడు చూసిందామె. మనిషి చెయ్యి తగులుతుంటే ఈ పడవలు కదలవు. ఆ సంగతి అతనికీ తెలుసు. తన ఎడమచెయ్యి ఇందాకట్నుంచీ పడవ అంచు మీదే ఉందన్నదే తెలియదు.

నీళ్లలోకి దిగొచ్చిన దానయ్యకు ఫోన్ ఇచ్చి మీట నొక్కమని, "మావా, ఆ చెయ్యి ఇలాగియ్యి," అంటూ మొగుడి ఎడమచెయ్యిని రెండు చేతులతో అందుకుంది.

పడవ అలలెక్కి వెళ్లిపోతుంటే ఆ చెయ్యి ఒక్కసారి గట్టిగా గుంజుకుంది. ఆమె వదల్లేదు.