చివరి రెండు చుట్లు

“ఇగో, ఈ మంచం కోడుకు స్క్రూ బిగించు. పగిలిందనుకో, నువ్వొచ్చిన తొవ్వనే తిరిగి పో,” అన్నాడు మొగిలాచారి.

జమ్లి ఆ కోడును అటూ ఇటూ తిప్పి చూసింది. జనగామలో నలభై ఏళ్లుగా వడ్రంగం చేస్తున్న మొగిలాచారి, పరీక్ష పెట్టదలిస్తే సులువైన చెక్క ఇచ్చే రకం కాదు. ఆ కోడు పైకి గట్టిది, లోపల పురుగు తిని గుల్లయింది. నడుమ మరీ సన్నం. వెంట్రుకవాసి తేడా వచ్చినా స్క్రూ పక్కకు పొడుచుకొస్తుంది.

ఆయన సగం చేసిన బడి బెంచీకి ఆనుకుని నిలబడ్డాడు. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. వెన్నుపూస జారి ఆరు నెలలైంది, ఎడమకాలు మొద్దుబారుతోంది. స్క్రూలు వేసి పూసలను నిలబెట్టాలని, ఆలస్యం చేస్తే కాలు పడిపోతుందని పెద్ద దవాఖానలో చెప్పారు. రెండుసార్లు తారీఖు ఇచ్చారు, రెండుసార్లూ ఈయన పోలేదు. నమ్మకమైన చెయ్యి దొరికితేనే పోయి పడుకుంటానని మంకుపట్టు పట్టాడు. దుకాణం నిండా బెంచీలు పేరుకుపోయాయి.

చెయ్యి దొరకడమే గగనమైంది. ఇప్పటికి ఇద్దరిని చూశాడు. ఒకడు ఈయన మాట్లాడుతున్నంతసేపూ సెల్లు నొక్కుతూనే ఉన్నాడు. ఇంకొకడు, “అవన్నీ నీకెందుకు?” అన్నాడు. ఇద్దరికీ దూరం నుంచే దండం పెట్టేశాడు.

“ఏమయ్యా, ఈ పిల్ల మూడో మనిషి,” అంది ఆయన భార్య కట్టమ్మ, లోపల మక్క గారెలు వేస్తూనే. “ఈమెను గూడ ఎల్లగొట్టినవనుకో, నిన్ను నేనే ఎత్తుకపోయి దవాఖానల పడేస్త.”

“ముందు సిలిండరెత్తు, తర్వాత నన్నెత్తుదువు గాని.”

భూపాలపల్లి గనిలో పనిచేసే కొడుకు ప్రతాప్ అరుగు మీద కూర్చుని నవ్వాడు. సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి ఇంటి దగ్గరే ఉంటున్నాడు. “నాయినా, కరెంటే లేదాయె. మోటరు తిరుగకుండ పరీక్ష ఎట్ల పెడతవ్?”

“ఎట్లుంటది కరెంటు? నువ్వు బొగ్గు బంద్ వెడితివి. తెలంగాణ వచ్చేదాక నా మోటరు గూడ సమ్మెలనే ఉంటది.”

జమ్లి నవ్వుతూ తను తెచ్చిన డబ్బా తెరిచింది. లోపల పిస్తోలు ఆకారంలో చిన్న మిషన్ ఉంది, దానికి తీగ లేదు. మూతికి మొగిలాచారి దగ్గరున్న బెజ్జం చేసే బిట్టునే తగిలించింది. “నాది బ్యాటరీది బాపు.”

ఆయన మొహం చిట్లించాడు. బెజ్జాల మోటరు కొన్న కొత్తలో మూడు తలుపు చట్రాలు పగలగొట్టుకున్న మనిషి, ఆ కోపం ఇంకా పోలేదు. “మోటరుకు బలముంటది గాని బుద్ధి ఉండది బిడ్డా.”

“బుద్ధి మనం పెట్టాలె బాపు.”

ముందు సన్నగా బెజ్జం చేసింది. వెంటనే స్క్రూ ఎక్కించలేదు. ఒక తీగ ముక్క అడిగి తీసుకుని, బెజ్జంలోకి దించి, లోపల నాలుగు దిక్కులా తడిమింది. గోడలు గట్టిగా ఉన్నాయని తేలాకే బిట్టు మార్చి, స్క్రూ పెట్టి మిషన్ నొక్కింది. మొగిలాచారి చెవి రిక్కించాడు. చప్పుడు బరువెక్కగానే జమ్లి వేలు తీసేసింది. మిషన్ పక్కన పెట్టి, చివరి రెండు చుట్లు చేత్తోనే తిప్పింది.

ఆయన కోడు చుట్టూ బొటనవేలితో నిమిరాడు. ఎక్కడా పగుల్లేదు, పొడుచుకు రాలేదు. స్క్రూ పట్టుకుని లాగితే కోడే లేచి వచ్చింది.

“ఎవరు నేర్పిరు?”

“మా నాయిన వాల్యా. మానుకోట దిక్కు మా తండా. సెంట్రింగు పని. సెలవులల్ల ఎంబడి పోయేదాన్ని. తర్వాత పెద్దోళ్ల కింద మూడేండ్లు చేసిన. సొంతంగ చెయ్యవట్టి ఏడాదాయె.”

“ఎప్పుడన్న తప్పినవా?”

వంటింటి గుమ్మంలోంచి కట్టమ్మ ‘లేదని చెప్పు’ అన్నట్టు కళ్లతో సైగ చేసింది. జమ్లి అది చూసి కూడా తల వంచుకుంది.

“ఒక్కసారి. జర పక్కకు పోయింది. చేతికి తెలిసింది, అప్పుడే తీసి మళ్ల సక్కగ పెట్టిన. ఏం నష్టం గాలె. గానీ ఆ దినం నాకు అన్నం సహించలె.”

మొగిలాచారి కోడును బెంచీ మీద పెట్టాడు. తన చెయ్యి తప్పదని రొమ్ము విరుచుకునేవాళ్లను నలభై ఏళ్లలో వందమందిని చూశాడు. తప్పినందుకు అన్నం మానేసినవాళ్లను మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆరు నెలలుగా గుండెలో కూర్చున్న భయం ఆ ఒక్క మాటతో కదిలిపోయింది.

“కట్టమ్మా, గారెలు పట్రా. చెయ్యి దొరికింది!”

కట్టమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ పళ్లెం తెచ్చింది. ప్రతాప్ అరుగు మీంచి దూకాడు. “ఆటో మాట్లాడొస్త నాయినా. బస్సులు లేకపోతేంది, తెల్లారకముందే బయలెల్లుదాం. బెంచీల రంది వెట్టుకోకు, సమ్మె అయ్యేదాక నేను ఈడనే ఉంట.”

“గారె తిను బిడ్డా, మొహమాటపడకు,” అంటూ మొగిలాచారి తను రెండు లాగించేశాడు. చాలా రోజుల తర్వాత ఆయనకు ఆకలి తెలిసింది. “నాకు రాత్రికి గూడ ఓ నాలుగు దాచిపెట్టు కట్టమ్మా.”

“రాత్రికి వద్దు బాపు, పొద్దుగాల నీకు మత్తిచ్చి బిగించాలె,” అంది డాక్టర్ జమ్లి.