మోగిన సిలిండర్

నంద్యాల ఆసుపత్రిలో ఆ గదికి కిటికీలున్నాయి గానీ తెరవనివ్వరు. బయటికి పోనివ్వరు. చెన్నకేశవులు, అతని తమ్ముడు దేవరాజు మూతులకు మాస్కులతో పక్కపక్క మంచాల మీద పడి ఉన్నారు. కట్టేసిన గొడ్ల బతుకైపోయింది.

ఇద్దరూ ఆళ్లగడ్డ శిల్పులు. విగ్రహానికి కళ్లు చెక్కేటప్పుడు రాతిపొడిని నోటితో ఊదుతూ ఉండాలి. మూతికి గుడ్డ కట్టుకుంటే పని సాగదు. ఆ పొడే లోపల చేరి ఊపిరితిత్తులు వాచిపోయాయి.

కొత్త మందు గాలిని పరీక్షిస్తున్నామని, కొందరికి మందు, కొందరికి ఉత్త గాలి పెడతామని, ఎవరికేదో తనకూ తెలియదని డాక్టర్ గీతాంజలి ముందే చెప్పింది.

చెన్నకేశవులుకు నెమ్మదించింది. దేవరాజు మాత్రం రోజురోజుకూ దిగజారిపోయాడు.

"నాకింక ఊపిరాడదన్నా. కావ్యను నువ్వే సూసుకో" అన్నాడొకరోజు. కావ్య అతని పెళ్లాం, నిండు చూలాలు.

"నోర్ముయ్. ఏం మాటలురా అవి?" అని కసిరాడు అన్న.

మధ్యాహ్నం నర్సు అన్నానికి పోగానే లేచాడు. మంచాల వెనకున్న రెండు సిలిండర్లనూ, రాయిని పరీక్షించినట్టే, వేలి కణుపుతో కొట్టి చూశాడు. మంచి రాయి గంటలా మోగుతుంది. తనది మోగింది. తమ్ముడిది మొద్దుగా పలికింది. శిల్పి చెవి అబద్ధం చెప్తుందా? మందు తనదే!

గొట్టాలు అటుదిటు, ఇటుదటు మార్చేశాడు. నిద్రలో ఉన్న దేవరాజుకు తెలియనే లేదు.

ఆ వారమే తమ్ముడు లేచి కూర్చున్నాడు. అన్నకు ఆయాసం ముంచుకొచ్చింది. చెబితే ఇద్దర్నీ పరీక్షలోంచి తీసేస్తారు. చెప్పకపోతే ప్రాణం పోయేట్టుంది.

"ఏందన్నా అట్ల రొప్పుతాండావ్? డాక్టరమ్మను పిలిచేదా?"

"ఏం వద్దు. పండుకో."

ఊపిరి అందకపోయినా అతనికి సంతోషంగానే ఉంది. తమ్ముడు దక్కాడు, అంతే చాలు.

ఒక పొద్దున గీతాంజలి గబగబా వచ్చి ఇద్దరి మాస్కులూ పీకేసింది.

"పరీక్ష ఆపేశాం. మందు పీల్చినవాళ్లకే జబ్బు ముదురుతోంది. ఉత్త గాలి పెట్టినవాళ్లు రాతి దుమ్ముకు దూరంగా ఉన్నందుకే తేరుకుంటున్నారు. ఎవరికేం పెట్టారో ఇప్పుడే మాకు చెప్పారు."

అన్నదమ్ములిద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"మీ సంగతే నాకు అంతుపట్టడం లేదు పెద్దాయనా, మందు పెట్టింది మీకు కాదు, మీ తమ్ముడికి."