పెరుగు పడిందా?

పేగుల జబ్బు అణిగిందనీ, కొద్దిగా పెరుగు తిని చూడమనీ, అది పడితే డ్యూటీకి వెళ్లొచ్చనీ డాక్టర్ బస్సు డ్రైవర్‌తో చెప్పాడు. మర్నాడు పొద్దున్నే భార్య గిన్నెలో రెండు చెంచాల పెరుగు వేసి ఆయన ముందు పెట్టింది.

ఏడాది తర్వాత నాలుకకు తగిలిన పెరుగు కమ్మగా దిగింది. ఆయన గోడకు చేరగిలబడి, కడుపు మీద చెయ్యి వేసుకుని, మెలిపెట్టే ఆ పాత నొప్పి కోసం మధ్యాహ్నం దాకా ఎదురుచూశాడు.

"పడిందాండీ?" అంది భార్య, ఆయన యూనిఫాం ఇస్త్రీ చేస్తూ.

"పడలేదే. నొప్పి మొదలైంది. ఇంకో నెల సెలవు పెడతాను."

ఆమె ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, వచ్చి ఎదురుగా కూర్చుంది.

"రక్తం పడ్డ రోజు కూడా ఏం లేదనే అన్నారు. నిజంగా నొప్పి వస్తే మీరు ఏనాడు నోరు విప్పారు గనక?"

ఆయన యూనిఫాం ప్యాంటు వైపు చూశాడు.

"ఆ రోజు బస్సు ఆపి పరిగెత్తాను. బాత్రూం దాకా ఆగలేకపోయాను. ఆ ప్యాంటుతోనే తిరిగొచ్చి స్టీరింగ్ పట్టుకున్నాను. నలభై మంది చూశారు. రేపు ఎక్కేదీ వాళ్లే. అలిసిపోయానే, ఇక నావల్ల కాదు."

"రేపు నేనూ ఎక్కుతా. మీ వెనక సీట్లోనే కూర్చుంటా."



"మొదటి ట్రిప్పు అయిదున్నరకి," అన్నాడు ఆయన, తల ఎత్తకుండానే. "లేవగలవా?"