పాటల స్తంభం

తెనాలి మార్కెట్ సెంటర్లో పాటల స్తంభం పాతిన నాటి నుంచి సైదులు క్లారినెట్ వినే నాథుడు లేడు. ఎదురుగా ఎవరు నిలబడితే వాళ్ల మనసు చదివి, వాళ్లకు ప్రాణమైన పాట వినిపిస్తుంది ఆ స్తంభం. ఆఖరికి పూలమ్మే మస్తానమ్మ కూడా అక్కడికే చేరింది.

“మా అమ్మ జోలపాట పాడతంది సైదులన్నా! నీకొచ్చా?”

సైదులు ఒళ్లు మండిపోయింది. దాన్ని బద్దలు కొడదామని రాయెత్తి ఎదురుగా వెళ్లాడు. స్తంభం వెంటనే క్లారినెట్ అందుకుంది.

“అబ్బ! నీదేనా అన్నా?”

కాదు. అది పోటీ బ్యాండు యేసోబుది. వాడికి ఊదడమే రాదని సైదులు ఊరంతా చాటుతూ వచ్చాడు.

పాట ఆగింది. చేతిలో రాయి అలాగే ఉంది.

“ఇంకోసారి వాయించు,” అన్నాడు పళ్లు కొరుకుతూ.