ఊరికే టీ

“ఇది ఇంటర్వ్యూ కాదమ్మా, దానికి చట్టం ఒప్పుకోదు. ఊరికే టీ,” అంటూ ప్రిన్సిపాల్ ఎర్నెస్తీనా రొట్టె మీద అవకాడో పూసి ఇచ్చింది.

కూతురి సీటు కోసం తాల్కావానో చేపల బజారు నుంచి నేరుగా వచ్చిన యెసేనియా, వాసనొస్తుందేమోనని ముడుచుకు కూర్చుంది.

“మీ ఆయన?”

“లేడండీ.”

“అయ్యో, పోయారా?”

“పోయాడు, ఇంకోదానితో.”

ప్రిన్సిపాల్ రాసుకుంది.

“ఊరికే టీ అన్నారు, ఏం రాస్తున్నారు మేడం?”

“చక్కెర ఎన్ని చెంచాలో!”

చిలీలో సర్కారు సొమ్ముతో బతికే ప్రైవేటు బడుల్లో ఎర్నెస్తీనా బడి ఒకటి. పిల్లల్ని ఏరుకోవద్దని చట్టం వచ్చాక సీట్లు సర్కారు కంప్యూటరే పంచుతోంది. ఏరే చేతికి మాత్రం దురద తీరలేదు.

“సీట్ల జాబితా రేపొస్తుంది. ఎందుకొచ్చిన ఆశమ్మా? ఇక్కడంతా పెద్దింటి పిల్లలు, మీ పాప ఇమడలేదు. సీటు వద్దని ఈ కాగితం మీద సంతకం పెట్టెయ్యండి.”

యెసేనియా పెన్ను అందుకుంది. కాగితం దాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది.

“రాని సీటుని వద్దనమని ఎవరూ బతిమాలరు కదా మేడం. అంటే మా పిల్లకి వచ్చేసింది. తీసెయ్యడం మీ వల్ల కాదు.”

ప్రిన్సిపాల్ కాగితాన్ని మెల్లగా తన వైపు లాక్కుంది.

యెసేనియా కుర్చీ ముందుకు జరుపుకుంది.

“ఇప్పుడు నేనడుగుతా, చెప్పండి. మీ బడిలో చదువు కూడా చెబుతారా?”