దారికి అడ్డంగా ఒక గుట్ట

రన్‌వే కనబడాలంటే మబ్బు ఇంకో మూడు వందల అడుగులు పైకి లేవాలి.

శైలజ కంప్యూటర్ వైపే చూస్తోంది. ఏ విమానం ఏ దారిన పోవాలో, ఎంత ఇంధనంతో పోవాలో, ఎక్కడ ఎలా దిగాలో బెంగళూరులోని ఈ ఆఫీసులో కూర్చుని లెక్క కట్టడం ఆమె పని. పొద్దున ఆమె పంపిన విమానం ఇప్పుడు కొండల మధ్య ఊరి మీద చుట్లు కొడుతోంది.

అందులో గణేశ్ ఉన్నాడు. ఈ ఆఫీసులో టీ ఇచ్చే హనుమంతు కొడుకు. విమానం ఎక్కడం ఇదే మొదలు.

హనుమంతు కూతురు రేణుకది ఆ కొండల ఊళ్లోనే కాపురం. తెల్లవారుజామున కాన్పయింది. బిడ్డ బాగుంది. తల్లికి రక్తం ఆగడం లేదు. ఆమెది ఎక్కడా దొరకని రకం రక్తం. ఇంట్లో గణేశ్ ఒక్కడిదే అదే రకం. రోడ్డున పోదామంటే వానకు ఘాట్ రోడ్డు తెగిపోయింది.

శైలజే అందరి దగ్గరికీ తిరిగి గణేశ్‌కు టికెట్ ఇప్పించింది. అక్కడ మబ్బు పట్టి ఉందని తెలుసు. అందుకే సామాన్లు సగం దింపించి, ఆ బరువుకు ఇంధనం పోయించింది. నలభై నిమిషాలు పైనే కాచుకోవచ్చు.

అందులో ఇరవై అయిపోయాయి.

"హనుమంతప్పా, ఈ టీలో చక్కెర యాడప్పా? అది కూడా ల్యాండ్ కాలేదా?"

పక్క సీటు శశిధర్. అప్పుడే డ్యూటీకి వచ్చాడు. విమానం దిగలేదని చూశాడు గానీ, అందులో ఎవరున్నదీ తెలియదు. హనుమంతు చక్కెర తెచ్చి వేసి, వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు. అతను మామూలు రోజుల్లోనే పెద్దగా మాట్లాడడు. నాలుగేళ్ల కిందటి దాకా బండ పని చేశాడు. కంకర మిషన్ల వెంట ఊరూరా తిరిగాడు. అలా తిరిగిన చోటే రేణుకను ఇచ్చాడు. చేతుల నిండా రాళ్లు తగిలిన నల్ల మచ్చలు.

శైలజ గొంతు తగ్గించి విషయం చెప్పింది. శశిధర్ కప్పు కింద పెట్టేశాడు.

"మబ్బు ఎంతలో ఉంది?"

"తొమ్మిది వందలు."

"మన లిమిట్?"

"పన్నెండు వందలు."

"కొంచెం కిందికి రమ్మంటే?"

"ఎట్లా రమ్మనేది? ఇది చూడు."

ఆమె బల్ల మీది మ్యాపులో ఒకచోట వేలు పెట్టింది. మిగతా కొండలన్నీ పక్కలకు ఉన్నాయి. దిగే దారికి అడ్డంగా ఉన్నది ఒక్క గుట్ట. దాని వల్లే పన్నెండు వందల అడుగుల ఎత్తులో ఉండగానే రన్‌వే కంటికి కనబడాలి. కనబడకపోతే ఎడమకు తిరిగి పైకి లేవాలి. ఆ గుట్ట లేకుంటే ఆరు వందల దాకా రావచ్చు. ఎండ రోజుల్లో దాని సంగతి ఎవరికీ గుర్తుండదు. మబ్బు రోజు అదొక్కటే గుర్తుంటుంది.

తలుపు దగ్గర హనుమంతు ఫోన్ మోగింది. అల్లుడు చందు.

"మామా, బావ యాడుండాడు?"

"పైనే ఉండాడంట. మీ నెత్తి మీదనే."

"ఔ మామా, సప్పుడు ఇనపడ్తాంది. ఆస్పత్రి మీదనే తిరుగుతాంది. రేణుకకు గూడా ఇనపడ్తాంది. అన్న దిగినాడా అని అడుగుతాంది."

"దిగుతాడని చెప్పు."

ఫోన్ జేబులో పెట్టుకుని శైలజ దగ్గరకు వచ్చాడు.

"దిగుతాదామ్మా?"

"మబ్బు లేవాల తాతా."

పైలట్ రెండుసార్లు కిందికి వచ్చాడు. రెండుసార్లూ పన్నెండు వందల దగ్గర తెలుపు తప్ప ఏమీ కనబడలేదు. రెండుసార్లూ ఎడమకు తిరిగి పైకి లేచాడు.

మబ్బు తొమ్మిది వందల దగ్గరే ఉండిపోయింది. నలభై నిమిషాలు నిండాయి. తిరిగి రమ్మని శైలజ మెసేజ్ కొట్టింది. కొట్టాక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

చందు మళ్లీ ఫోన్ చేశాడు.

"మామా, సప్పుడు పోయింది."



గంటన్నర తర్వాత గణేశ్ ఫోన్ చేశాడు.

"నాయనా, దిగినాము. తీరా చూస్తే మన బెంగళూరే. మళ్లా ఎప్పుడు ఎక్కిస్తారంట? మేడమ్‌ను అడుగు."

అప్పటికి చందు మూడో ఫోన్ వచ్చి పది నిమిషాలయింది. రేణుక లేదు.

"ఇంటికి పో నాయనా" అన్నాడు హనుమంతు.

బల్ల పక్కన నేల మీద కూర్చున్నాడు. ఏడవలేదు. శైలజ కూడా కుర్చీ దిగి అతని పక్కన కూర్చుంది. శశిధర్ మంచినీళ్లు తెచ్చాడు. ఎవరూ తాగలేదు.

"నా చేతనైందంతా చేసినా తాతా" అంది శైలజ. "మబ్బున్నా దిగుండేది. ఆ గుట్ట ఒక్కటి అడ్డం లేకుంటే."

"ఏ గుట్టమ్మా?"

నాలుగేళ్లుగా ఆ మ్యాపు మీద టీ చుక్క పడకుండా కప్పులు పెడుతున్నాడు. అంతా ఇంగ్లీషు. అందులో ఏముందో ఎప్పుడూ చూడలేదు. శైలజ దాన్ని నేల మీద పరిచింది.

"ఇదిగో రన్‌వే. ఇది వాగు. వాగు వంపు దాటినాక ఉంది చూడు, ఇదే. కోతులగుట్ట అని రాసినారు."

హనుమంతు మచ్చల వేలు దాని మీద పెట్టాడు.

"ఈ గుట్ట ఇప్పుడు లేదు కదమ్మా, మేమే కొట్టినాము, ఆ కంకరతోనే ఆ రన్‌వే ఏసినారు" అన్నాడు.