చిటికె పాప ఐదో వేలు

“ఐదు” అన్నాడు దర్శకుడు.

“నాలుగు” అన్నాడు బొమ్మలాయన.

అరగంట నుంచీ ఇదే పాట. అద్దాల గదిలో పొడుగాటి బల్ల. దాని మీద ఒక పాప ఫొటోలు పరిచి ఉన్నాయి. రెండు పిలకలు, చుక్కల గౌను, మోకాలి మీద పట్టీ. బొమ్మలాయన కళ్లజోడు సర్దుకుని ఒక్కొక్కటీ చూశాడు. ముఖం బాగుంది. నవ్వు ఇంకా బాగుంది. చేతుల దగ్గరికి వచ్చేసరికి ఫొటో బోర్లా పెట్టేశాడు.

చిటికె పాప ఆయన గీసిన పిల్ల. టీవీలో బొమ్మల సీరియల్‌గా పదకొండేళ్లు నడిచింది. ఆ పిల్ల చిటికె వేస్తే తాళాలు ఊడిపోతాయి, మీదికొచ్చే కుక్కలు తోక ఊపుతాయి. ఇప్పుడు దాన్నే నిజం మనుషులతో సినిమా తీస్తున్నారు.

చాలా వాటికి ఆయన సరేనన్నాడు. బామ్మని తీసేశారు, సరే. కుక్క చెప్పినమాట వినడం లేదని చిలకని పెట్టారు, సరే. ఒక్క వేలి దగ్గర మాత్రం భీష్మించుకు కూర్చున్నాడు.

“బొమ్మల్లో నాలుగు వేళ్లే గీస్తారు, చాకిరీ తగ్గుతుందని. నాకు తెలుసండీ” అన్నాడు దర్శకుడు. “మనకిప్పుడు ఆ బాధ లేదు కదా. ఈ పాపకి దేవుడే ఐదిచ్చాడు.”

“నా సీరియల్లో పాలవాడికి ఐదు. పోస్టువాడికి ఐదు. దొంగవెధవక్కూడా ఐదే. చాకిరీకి భయపడేవాణ్నయితే వాళ్లకెందుకు గీస్తాను? ఐదో వేలు లేదు కాబట్టే దానికి మహిమ వచ్చింది. మొదటి కథలోనే చెప్పాను. వేలొచ్చిందంటే మహిమ పోయినట్టే.”

“బొమ్మలో ముద్దుగానే ఉంటుంది. కానీ నిజం పిల్ల చెయ్యి, అదీ తెరంత చెయ్యి, అలా కనిపిస్తే జనం జడుసుకుంటారండీ.”

బొమ్మలాయన లేచిన ఊపుకి కుర్చీ ధబ్బున వెనక్కి పడింది.

“ఏమన్నావ్? మళ్లీ అను!”

దర్శకుడు బిత్తరపోయి చూశాడు.

“కూర్చో నాన్నా. ఆయనన్నదాంట్లో అబద్ధమేముంది?”

అన్నది కూతురు. ఎప్పట్లాగే కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకుని తండ్రి పక్కనే కూర్చుని ఉంది. చిటికె పాప హక్కులన్నీ ఆమె పేరునే ఉన్నాయి. తొలి బొమ్మ గీసిన ఏడాదే ఆయన రాసిచ్చేశాడు. అందుకే దర్శకుడికి ఆమె సంతకం కావాల్సొచ్చింది. ఇన్నాళ్లూ ఫోన్లో మాట్లాడటమే తప్ప ఆమెను చూడటం అతనికిదే మొదలు.

బొమ్మలాయన మెల్లగా కూతురి వైపు తిరిగాడు. పరాయివాడు చెంపదెబ్బ కొట్టాడనుకుంటే, సొంత బిడ్డ వెన్నుపోటు పొడిచింది.

“అమ్మాయ్, నువ్వు ఎవరి పక్షం?”

“చిటికె పాప పక్షమే.”

“దానితో కలిసి పెరిగినదానివి! బళ్లో అందరూ నిన్ను ఆ పేరుతోనే పిలిచేవారు. గేటు దగ్గర చుట్టూ మూగి, ‘చిటికెయ్యవే, చిటికెయ్యవే’ అని ఒకటే గోల. సైకిల్ పట్టుకుని నిలబడి చూస్తుంటే నా కడుపు నిండిపోయేది.”

“నీ కడుపు నిండేది. నేను అన్నం ముట్టకుండా పడుకునేదాన్ని. బడి మానేస్తానని ఏడ్చాను, గుర్తుందా?”

“బడంటే ఏడవని పిల్లలుంటారా?”

కూతురు ఎడమచేత్తో మంచినీళ్ల గ్లాసు ఆయన ముందుకి జరిపింది. ఆయన ముట్టుకోలేదు.

“గీసేముందు నన్నడిగావా నాన్నా?”

“నీకప్పుడు మూడేళ్లు! చంకలో పిల్లనడిగి గీస్తారా ఎవరైనా?”

“ఇప్పుడు ముప్పయ్యొకటి. ఇప్పుడడుగు.”

ఆయన అడగలేదు. బొమ్మలు గీసే లైటు బల్ల మీద వంగి వంగి గూనొచ్చిన వీపు. పెన్సిల్ ఒత్తిడికి కాయకాచిన వేలు.

“అన్ని వేల కాగితాలు నేనెవరి కోసం గీశాననుకున్నావ్?” ఆ వేలు కూతురి ముందు పెట్టాడు.

“నా కోసమే. తెలుసు.”

“తెలిసే చేస్తున్నావా?”

“తెలిసే.”

దర్శకుడు గొంతు సవరించుకుని కాగితాలు ముందుకి తోశాడు. పాత్ర రూపంలో తమకి కావలసిన మార్పు చేసుకోవచ్చన్న మాట మూడో పేజీలో ఉంది. దాని కిందే సంతకం చెయ్యాలి.

“అది పెట్టావంటే ఇక నా గడప తొక్కకు” అన్నాడు బొమ్మలాయన. సంచి భుజాన వేసుకున్నాడే గానీ కాళ్లు కదల్లేదు.

“పదకొండేళ్లు అందరూ దాని చెయ్యే చూశారు నాన్నా. ఒక్కసారి ముఖం చూడనీ.”

ఆయనకి ఆ మాట తలకెక్కలేదు. పెంచి పెద్దచేసిన ఇద్దరు ఆడపిల్లల్లో ఒకతె రెండోదాన్ని పట్టుకెళ్లి అమ్మేస్తోందనే అనిపించింది.

దర్శకుడు పెన్ను మూత తీసి అందించాడు.

అందుకోవడానికి కూతురు కోటు జేబులోంచి కుడిచెయ్యి బయటికి తీసింది. ఆ చేతికి పుట్టినప్పటి నుంచీ నాలుగే వేళ్లు.